విగ్గో పాట మాయమైన మంగళవారం

మా దీవిలో ఎవరికి అరవయ్యేళ్ళు నిండినా, ఎవరి పెళ్ళికి పాతికేళ్ళు నిండినా విగ్గో హెడెగోర్ పాట రాయాల్సిందే. పన్నెండున్నరేళ్ళు నిండిన పెళ్ళికి కూడా డెన్మార్క్‌లో పండగ చేస్తాం. దానికీ ఆయనే రాస్తాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటావిడ పొద్దున పదింటిదాకా నైట్‌గౌనులోనే తిరుగుతుందో, అన్నీ తెలుసు. అవన్నీ ప్రాసలో కూర్చి, అందరికీ వచ్చిన ఏదో పాత బాణీకి అతికించి, కాగితాల మీద అచ్చు వేయించి, చుట్టచుట్టి రిబ్బన్ కట్టి, ప్లేటుకొకటి పెడతాడు. సూపుకీ మాంసానికీ మధ్య అరవై మందీ కాగితం విప్పి గొంతెత్తుతారు. పాట ఎవరి మీద రాశారో ఆ మనిషి ఎర్రబడ్డ మొహంతో నవ్వుతూ కూర్చోవాలి. అదీ మర్యాద.

నాకీ పాటలంటే ఒళ్ళు మంట. పదకొండు చరణాలు పూర్తయ్యేసరికి బంగాళదుంపలు చల్లారిపోతాయి. ఆ మాట విగ్గో మొహం మీదే ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. “నీ అరవైకి రాయలేదని కుళ్ళు, బోడిల్” అంటాడు. నేను వద్దంటేనే రాయలేదు. అయినా ఆయన అంతే, మాటకి మాట తగిలించందే ఊరుకోడు.

విగ్గోది మా పొడుగాటి వీధికే ఆ చివర ఇల్లు, మైలు దూరం. వయసులో నాకన్నా మూడేళ్ళు పెద్ద. నేను పాల ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేదాన్ని. అక్కడికి మొదటిసారి కంప్యూటర్లొచ్చినప్పుడు మగవాళ్ళంతా అవి పేలతాయేమోనన్నట్టు దూరంగా నిలబడి, నన్ను ముందుకు తోశారు. అప్పట్నుంచి ఈ వీధిలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఫోను నాకే వస్తుంది. రిటైరై ఎనిమిదేళ్ళయింది, ఆ ఫోన్లు మాత్రం రిటైర్ కాలేదు.

విగ్గో పాటల్లో ఒక్కటి మాత్రం ఆయన పీకకే చుట్టుకుంది. తమ్ముడు తోర్కిల్ అరవయ్యో పుట్టినరోజుకు రాసిన పాట అది. తోర్కిల్ ఫ్యోర్డులో, అంటే మా దీవి లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, ఆల్చిప్పలు పట్టే మనిషి. చెయ్యి పెద్దది, మాట చిన్నది. బళ్ళో ఏడేళ్ళు కూర్చున్నా ఆయనకు చదవడం రాలేదు. అక్షరాలు ఆయన కళ్ళ ముందు కుదురుగా నిలబడవట. ఆ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే: భార్య రిగ్మోర్, చనిపోయిన తల్లి, అన్న విగ్గో. మిగతా ఊరందరి ముందూ తోర్కిల్ కాగితం పట్టుకుని పెదవులు కదిపేవాడు. పండగల్లో నేను ఆయన పక్కన ఎన్నోసార్లు కూర్చున్నాను. నాకే ఎప్పుడూ అనుమానం రాలేదు.

విగ్గో ఆ పాటలో ఆరో చరణం ఏమని రాశాడంటే, మా తోర్కిల్ పేపరు తలకిందులుగా పట్టుకుని గంట సేపు చదువుతాడు, పాపం అందులో ఏ ఓడ బొమ్మ చూసినా మునిగిపోయినట్టే ఉంటుంది అని. అరవై మందిమీ పాడాం. పాడి విరగబడి నవ్వాం. తోర్కిల్ చేతిలో కూడా కాగితం ఉంది. దాని మీద ఏమి రాసి ఉందో ఆయనకు తెలియదు కదా. అందరి నోళ్ళలోంచి వచ్చాకే విన్నాడు. జనం ఎందుకు నవ్వుతున్నారా అని ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు. అర్థమయ్యాక కాగితం బల్ల మీద పెట్టి, కోటు కూడా తీసుకోకుండా నడిచి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు అన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. ఉన్నది చిన్న ఊరు. కిరాణా కొట్లో ఎదురుపడితే తోర్కిల్ పిండి కొనకుండానే వెనక్కి తిరిగేవాడు.

“సరదాకి రాశాను. అందరికీ ఎప్పుడో తెలిసే ఉంటుందనుకున్నాను” అన్నాడు విగ్గో అప్పట్లో నాతో.

“ఉత్తరాలు తెరిచి చదవకూడదని ఒట్టేసిన మనిషివి, తమ్ముణ్ణి తెరిచి ఊరందరికీ చదివావు” అన్నాను. కోపంలో అన్నాను. ఆ మాట ఆయన కడుపులో అలాగే ఉండిపోయిందని తర్వాత తెలిసింది.

ఈ ఏడాది జనవరిలో రిగ్మోర్ విగ్గోకి ఫోను చేసింది. మే నెలలో వాళ్ళ పెళ్ళికి యాభై ఏళ్ళు నిండుతాయి. “పాట నువ్వే రాయాలి” అందట. “ఆయనకు చెప్పలేదు. చెబితే వద్దంటాడు. ఈసారి సరిగ్గా రాయి.”

విగ్గో నాలుగు నెలలు రాశాడు. మామూలుగా మూడు రోజుల్లో పాట తేల్చే మనిషి! భార్య ఇంగెలిస్‌కు కూడా చూపించలేదు. ఇంగెలిస్, రిగ్మోర్ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు, ఇంగెలిస్ నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని ఒక్క కాగితం కూడా అచ్చు తీయకుండా, ఉన్నదంతా పదేళ్ళ నాటి తన కంప్యూటర్‌లోనే దాచాడు. శనివారం విందు. మంగళవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు నాకు ఫోను.

“బోడిల్, అంతా పోయింది.”

“ఎవరు పోయారు?”

“పాట. ఆ పాటే కాదు, అన్ని పాటలూ. కంప్యూటర్ తెరిస్తే బోసిగా ఉంది. చెత్తబుట్ట బొమ్మ తప్ప ఇంకేం లేదు.”

“ఎప్పట్నుంచి?”

“పొద్దున ఎనిమిదింటి నుంచి.”

“ఇప్పుడు ఒకటిన్నరయ్యా! ఇంతసేపూ ఏం చేస్తున్నావ్?”

“గుర్తున్నంత వరకు మళ్ళీ రాస్తున్నా. నాలుగు చరణాలొచ్చాయి. మిగతా ఏడూ రావట్లేదు.” గొంతు సన్నగా ఉంది. విగ్గో గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

“తెరవగానే కుడిపక్క కింద మూల ఏదన్నా చీటీ లేచిందా?”

“లేచింది. ఎప్పుడూ ఏదో ఒకటి లేస్తుంది కదా, మూసేశా.”

“ఏమని ఉంది?”

“తాత్కాలికం అని ఏదో ఉంది. తాత్కాలిక ప్రొఫైల్‌తో లోపలికి వచ్చారని.”

ఆ చీటీ సంగతి నాకు తెలుసు. కంప్యూటర్ మనిషి ప్రొఫైల్‌ని, అంటే అతని సామానూ అమరికా అంతా ఉండే చోటుని, తెరవలేకపోతే అప్పటికప్పుడు ఒక ఖాళీ ప్రొఫైల్ ఇచ్చి సరిపెట్టుకోమంటుంది. అందులో ఎంత రాసుకున్నా సరే, బయటికి రాగానే చెరిపేస్తుంది.

“విగ్గో, నే చెప్పేది విను. నువ్విప్పుడు నీ ఇంట్లో లేవు, అద్దెగదిలో ఉన్నావ్. నువ్వు గడప దాటగానే ఊడ్చి పారేస్తారు. పెట్టె ఆపకు. ఆ నాలుగు చరణాలూ పెన్నుతో కాగితం మీద ఎక్కించు. ఇప్పుడే. నే వస్తున్నా.”

“పెన్ను ఎక్కడుందో చూడాలి.”

ముప్పై ఎనిమిదేళ్ళు పోస్టాఫీసులో చేసిన వాడింట్లో పెన్ను లేదు! సైకిలెక్కాను. ఎదురుగాలి. ఆరు నిమిషాల్లో వెళ్ళానంటే డెబ్బయ్యేళ్ళ దానికి తక్కువేం కాదు. గుమ్మంలోకి అడుగు పెట్టేసరికి ఇంగెలిస్ జిమ్నాస్టిక్స్ సంచీ భుజాన వేసుకుని బయటికి వస్తోంది.

“విగ్గో గరాజులో ఉన్నాడు, ఏదో వెతుక్కుంటున్నాడు” అంది. “లోపలికెళ్ళి కూర్చో. నేనన్నీ ఆపేసి బయల్దేరా.”

“అన్నీ అంటే?”

“అన్నీ అంటే అన్నీ. గోడ దగ్గరే.”

మా ఇళ్ళలో ప్రతి ప్లగ్గుకీ గోడ మీదే చిన్న స్విచ్ ఉంటుంది. కరెంటు ఆదా చెయ్యండి, ఊరికే వెలిగే ఎర్రదీపం కూడా దండగే అని ఎన్నో ఏళ్ళ క్రితం దేశమంతా ఊదరగొట్టారు. మిగతావాళ్ళు ఓ ఏడాది పాటించి మర్చిపోయారేమో గానీ, మా వీధి మర్చిపోలేదు. నేను కూడా టీవీని రోజూ గోడ దగ్గరే ఆపుతాను. ఇంగెలిస్ ఒక మెట్టు ఎక్కువ. గడప దాటే ముందూ, పడుకునే ముందూ ఇల్లంతా ఒక చుట్టు చుట్టి టపటపా అన్నీ ఆర్పేస్తుంది. పదేళ్ళుగా విగ్గో రోజూ కంప్యూటర్‌కి సెలవు చెప్పి లేవడం, అది తన సామాను సర్దుకునే లోపలే ఆవిడ వచ్చి కరెంటు పీకేయడం. ఇన్నేళ్ళు ఆ పెట్టె ఎలా ఓర్చుకుందో అదే ఆశ్చర్యం. సోమవారం నాడు మాత్రం ఓర్చుకోలేకపోయింది.

విగ్గో పెన్ను పట్టుకుని వచ్చాడు. నల్లగా ఉన్న స్క్రీన్ చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు.

“నేనేం చేశానిప్పుడు?” అంది ఇంగెలిస్.

“ఏం లేదు. రోజూ చేసేదే” అన్నాను.

“నాకు తెలుస్తుందా మరి? పెళ్ళానికి చెప్పకుండా పెట్టెలో దాచుకుంటే పెళ్ళానికేం తెలుస్తుంది?” అంటూనే సంచీ కింద పెట్టేసింది. కళ్ళలో నీళ్ళున్నాయి. జిమ్నాస్టిక్స్‌కి వెళ్ళలేదు.

విగ్గో నా వైపు చూశాడు. “మళ్ళీ రాయలేను, బోడిల్. మాటలు గుర్తొస్తాయేమో. కానీ అది రాసే ధైర్యం నాకు ఒక్కసారే వచ్చింది. పాట లేకుండా శనివారం నేనక్కడికి వెళ్ళలేను. ఇప్పుడు వెళ్ళకపోతే ఇంకెప్పుడూ వెళ్ళను.”

“ముందా ఏడుపు ఆపు. పెట్టె తెరవనీ.”

తెరిచాను. ఈసారి అద్దెగది కూడా ఇవ్వలేదు. పాస్‌వర్డ్ కొట్టగానే కాసేపు ఆలోచించి, ప్రొఫైల్ తెరవడం సాధ్యం కాలేదని చెప్పి, మళ్ళీ గుమ్మంలోనే నిలబెట్టింది. మూడుసార్లు కొట్టాను, మూడుసార్లూ అదే. నిజం చెప్పాలంటే నాకు కూడా భయం వేసింది. గోడ దగ్గర రెండోసారి ఆపినప్పుడు డిస్కే పోయి ఉంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ మాట వాళ్ళకు చెప్పలేదు.

అప్పుడు చూశాను. స్క్రీన్ మీద విగ్గో పేరు పక్కన ఇంకో పేరు ఉంది.

“ఇంగెలిస్, ఇది నీదే కదా?”

“నాదా? నేను దాన్ని ముట్టుకుంటే ఒట్టు.” స్క్రీను మీదికి వంగి చూసింది. “కొన్నప్పుడు, కొట్టాయన ఇద్దరికీ చెరొకటి పెట్టాలన్నాడు. పాస్‌వర్డ్ చెప్పమంటే ఏదో చెప్పా.”

“ఏం చెప్పావ్?”

“పదేళ్ళయింది! నాకేం గుర్తు?” అని వంటింట్లోకి వెళ్ళింది. తలుపులు తెరిచి మూసిన చప్పుళ్ళు. పిండీ చక్కెరా పెట్టే అలమర తలుపు లోపలివైపు పెన్సిలుతో రాసి పెట్టుకుందట. అక్కణ్ణుంచే కేకేసి చదివింది: “నాకిదక్కర్లేదు. అన్నీ కలిపి రాయాలి. వెనకాల రెండు సున్నా సున్నా తొమ్మిది.”

విగ్గో నవ్వాడు. ఏడుపు మొహంతో నవ్వితే ఎలా ఉంటుందో అలా నవ్వాడు.

అక్కర్లేనిది అక్కరకొచ్చింది. ఇంగెలిస్ పేరుతో తలుపు తెరుచుకుంది. పచ్చటి మైదానం బొమ్మ, పదేళ్ళుగా ఎవరూ తాకని స్క్రీను. “నాది ఎంత శుభ్రంగా ఉందో చూడు” అంది ఆవిడ. నేను డిస్కు లోపలికెళ్ళి, వాడేవాళ్ళ ఫోల్డర్లు ఉండే చోటు తెరిచాను. మొదట ఇంగెలిస్. దాని కింద విగ్గో. విగ్గో ఫోల్డర్ బరువెంతుందో అడిగాను. నాలుగు గిగాబైట్లు అంది పెట్టె. ఖాళీ ఫోల్డర్‌కి అంత బరువుండదు.

“ఉంది” అన్నాను.

“ఏముంది?”

“నీ ఇల్లుంది విగ్గో. చెక్కు చెదరలేదు. లోపలికి దారే మూసుకుపోయింది.”

ఇలాంటప్పుడు నేను వేరే ఏ పనీ చెయ్యను. ముందు కాపీ. అది పాల ఫ్యాక్టరీలో నేర్చుకున్న పాఠం, ఒకసారి ఏడ్చి నేర్చుకున్నాను. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చి, ఫోల్డర్ మొత్తం అందులోకి పంపాను. ఇది వేరేవాళ్ళది, నీకు అనుమతి లేదు, అయినా వెళ్తావా అని పెట్టె అడిగింది. వెళ్తానన్నాను. ఇరవై మూడు నిమిషాలు పట్టింది. ఎంత కాపీ అయిందో చూపించే ఆ పచ్చగీతను చూస్తూ ముగ్గురం కూర్చున్నాం.

కాపీ అయ్యాక పాటలు వెతికాను. రెండువందల పద్నాలుగు దొరికాయి. ఊరు ఊరంతా అందులో ఉంది. పాల ఫ్యాక్టరీ మేనేజరు వెండి పెళ్ళిరోజు, పాస్టరమ్మ యాభై ఏళ్ళు, అన్నీ పేర్లతో సహా. తోర్కిల్, రిగ్మోర్ పేర్లతో మాత్రం ఏదీ లేదు. బంగారు పెళ్ళిరోజు అని వెతికాను. లేదు. ఈ ఏడాది తారీఖులతో వెతికాను. పాట పేరున్నది ఒక్కటీ లేదు.

“విగ్గో, అది ఇందులో లేదు.”

విగ్గో ఇంటి కప్పు వైపు చూశాడు. తర్వాత ఇంగెలిస్ వైపు. “ఇంగెలిస్, కాస్త కాఫీ పెట్టవూ?”

“నేనిక్కణ్ణుంచి కదలను. కాల్చినా కదలను.”

“విగ్గో! దాని పేరేమని పెట్టావ్?” నా ఓపిక అయిపోయింది.

గొణిగాడు. “గటర్ల శుభ్రం, రెండువేల పద్నాలుగు.”

“గటర్లా!” ఇంగెలిస్ లేచి నిలబడింది. “ఐదేళ్ళుగా చూరు కింద ఆ వాననీటి గటర్లు బాగు చెయ్యమని నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా నేను!”

“అందుకే పెట్టా. ఆ పేరున్నది నువ్వు తెరవవని తెలుసు. తెరిస్తే నేను బాగు చెయ్యలేదని కోపమొస్తుంది.”

తెరిచాను. పదకొండు చరణాలు, ఒకటి కూడా తగ్గకుండా ఉన్నాయి. విగ్గో బల్ల మీద రెండు చేతులూ ఆనించి, వాటి మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. ఇంగెలిస్ ఆయన వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. నాకైతే పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఒక పాట కోసం నేనింత ఇదవుతానని ఆ పొద్దున ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

“చదవండి, ఇద్దరూ” అన్నాడు తల ఎత్తకుండా.

చదివాం. మొదటి మూడు చరణాలూ మామూలే: పెళ్ళి, పడవ, పిల్లలు. నాలుగో చరణం దగ్గర నా వేలు ఆగిపోయింది.

అక్కణ్ణుంచి పాట చెప్పింది పంతొమ్మిది వందల డెబ్బై జనవరి సంగతి. విగ్గోకి పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చి రెండు నెలలు. ఇంకా ఖాయం కాలేదు, ఆరు నెలల్లో ఒక్కరోజు నాగా పెట్టినా వెనకాల వరసలో ఇంకొకడున్నాడు. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టి, జ్వరంతో మంచాన పడ్డాడు. ఆ ఏడాది చలికి ఫ్యోర్డు గడ్డకట్టింది, పడవలు ఒడ్డునున్నాయి. తోర్కిల్ అన్న టోపీ, అన్న కోటు వేసుకుని, కళ్ళ దాకా మఫ్లర్ చుట్టుకుని, పొద్దున చీకట్లో పోస్టాఫీసు కిటికీ దగ్గర ఉత్తరాల సంచీ అందుకున్నాడు. దాన్ని అన్న మంచం మీద కుమ్మరించాడు. విగ్గో వణుకుతూనే ఒక్కో కవరు మీది పేరు చదివి, ఇల్లు చెప్పాడు. తోర్కిల్ ఆ వరస అంతా ఒకేసారి విని తలలో పెట్టుకున్నాడు. రోజుకు నూటనలభై ఉత్తరాలు. ఒక్క పేరు కూడా చదవలేని మనిషి, తొమ్మిది రోజులు, మంచులో. ఒక్క ఉత్తరం కూడా పొరపాటున ఇంకో ఇంటికి పోలేదు.

నాకప్పుడు ఇరవై ఒకటి. ఆ తొమ్మిది రోజుల్లో మా ఇంటికి కూడా ఉత్తరాలొచ్చే ఉంటాయి. మాకు తేడా తెలియలేదు.

ఉద్యోగం పోతుందని మొదట ఆ సంగతి దాచాడు విగ్గో. ఖాయమయ్యాక పరువు పోతుందని దాచాడు. ఆ తర్వాత దాచడం అలవాటైపోయింది. ఆ అరవయ్యో పుట్టినరోజున తమ్ముడి చదువు మీద ఊరందర్నీ నవ్వించినప్పుడు కూడా ఇది చెప్పలేదు. పదో చరణంలో అదే రాశాడు, ప్రాసలు సరిగ్గా కుదరకపోయినా వదిలేసి: నవ్వాల్సింది నన్ను చూసి, నవ్వించింది నిన్ను చూపి.

“ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదేం?” అంది ఇంగెలిస్.

“సిగ్గుపడి” అన్నాడు. అంతే అన్నాడు.

పాట దొరికింది కాబట్టి నేను లేచి ఇంటికి పోవచ్చు. కానీ సగం పని నాకు గిట్టదు. అదీగాక ఆయన అచ్చు అమరికలన్నీ ఆ ప్రొఫైల్‌లోనే ఉన్నాయి. కంప్యూటర్‌లో చాలా లోపల ఒక జాబితా ఉంటుంది. ఒక్కో మనిషికీ ఒక పొడుగాటి నంబరు, ఆ నంబరు ఎదురుగా అతని ఫోల్డర్ చిరునామా. విగ్గో నంబరు మీద అక్కడ రెండు వరసలున్నాయి. అసలుదాని వెనకాల ఒక చిన్న తోక తగిలించి పక్కన పెట్టేసింది పెట్టె. తోక లేనిది ఉత్తుత్తిది, ఆ అద్దెగదికి పోయేది.

“చూడు, ఇది నీ వృత్తే” అన్నాను విగ్గోతో. “ఒకే మనిషికి రెండు చిరునామాలు. పాతింటికి పోవాల్సిన ఉత్తరాలు ఖాళీ కొంపకి పోతున్నాయి.”

“చిరునామా మార్పు చీటీ ఎవరో తప్పు పూరించారు” అన్నాడు వంగి చూస్తూ. మొదటిసారిగా మనిషి గొంతులా వినిపించింది. “ఉత్తుత్తిది కొట్టెయ్యి.”

“కొట్టెయ్యను. దానికి వేరే తోక పెడతా. అసలుదానికున్న తోక తీసేస్తా. ఇక్కడ పాడైందని గుర్తు పెట్టుకున్న రెండు చోట్లా సున్నా వేస్తా.”

చేసి, పెట్టెను ఆపాను. మామూలుగా, మెనూలోంచి. ఇంగెలిస్ చెయ్యి అలవాటుగా గోడ వైపు పోయింది. విగ్గో, నేను ఒకేసారి అరిచాం. పాపం, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, చర్చిలో కూర్చున్నట్టు.

మళ్ళీ తెరిచాం. విగ్గో తన పాస్‌వర్డ్ తనే కొట్టాడు. స్వాగతం అంది. ఆ మాట మీదే చాలాసేపు ఆగింది. తర్వాత ఒక్కసారిగా స్క్రీను నిండిపోయింది: ఫోల్డర్లు, మనవరాళ్ళ ఫొటో, అడ్డదిడ్డంగా పడేసిన నూరు బొమ్మలు. “అబ్బ, నా చెత్తంతా వచ్చేసింది!” అన్నాడు విగ్గో. అంత సంతోషంగా చెత్తని చూసిన మనిషిని నేను చూడలేదు. ఇంగెలిస్ అప్పుడు కాఫీ పెట్టింది. మిగిలిపోయిన దాల్చినచెక్క బన్నులు వేడి చేసి పెట్టింది, నేను మూడు తిన్నాను. గోడ మీది ఆ స్విచ్ మీద పెద్ద ప్లాస్టరు అంటించి వచ్చాను.

శనివారం పొద్దున ఏడింటికి తోర్కిల్ ఇంటి గుమ్మానికి మేమంతా పచ్చటి కొమ్మల తోరణం కట్టాం, బంగారు రంగు యాభై అంకె పెట్టాం, మా ఆచారం ప్రకారం పాటలు పాడి ఆ దంపతుల్ని నిద్ర లేపాం. విగ్గో రాలేదు. సాయంత్రం ఊరి హాలుకి మాత్రం వచ్చాడు, ఇంగెలిస్ చెయ్యి పట్టుకుని. చివరి బల్ల దగ్గర, తలుపు పక్కన కూర్చున్నాడు. తోర్కిల్ చూశాడు. మొహం తిప్పుకున్నాడు. రిగ్మోర్ ఆయన చెవిలో ఏదో అంది. తర్వాత నాతో చెప్పింది, “ఇది నా పెళ్ళి కూడా” అన్నానని.

సూపు అయింది. కాగితాలు పంచింది ఇంగెలిస్, పంచి వచ్చి నా పక్కన కూర్చుంది. తోర్కిల్ తన కాగితానికి కట్టిన రిబ్బన్ కూడా విప్పలేదు, ప్లేటు పక్కకు తోసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అకార్డియన్ మొదలైంది. మూడు చరణాలు అందరం హుషారుగా పాడాం. నాలుగో చరణంలో గొంతులు తగ్గాయి. ఐదులో ఒక్కొక్కరూ పాడటం మాని చదువుకోవడం మొదలుపెట్టారు. ఏడో చరణానికి నేనూ, ఇంకో నలుగురూ మాత్రమే మిగిలాం. నాకు శ్రుతి రాదు. అయినా ఆపలేదు, ఎందుకంటే ఎవరో ఒకరు పాడితేనే ఆయనకు వినబడుతుంది. తోర్కిల్ మెడ నిక్కించి వింటున్నాడు. పదో చరణంలో నవ్వాల్సింది నన్ను చూసి అన్నప్పుడు కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

పాటయ్యాక తొమ్మిదిసార్లు హుర్రే కొట్టడం మా ఆనవాయితీ. ఎవరూ మొదలుపెట్టలేదు. తోర్కిల్ లేచాడు. చుట్టిన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. తలుపు వైపు నడిచాడు. ఇంగెలిస్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, ఆయన వెళ్ళిపోతున్నాడనే మేమిద్దరం అనుకున్నాం. చివరి బల్ల దగ్గర ఆగాడు.

“తొమ్మిది కాదు” అన్నాడు అన్నతో. “పది రోజులు. పదోనాడు నీకు జ్వరం తగ్గింది గానీ, నేనే పోనివ్వలేదు.”

విగ్గో లేచి నిలబడ్డాడు. “పది” అన్నాడు. “పదని మారుస్తా.”

తోర్కిల్ కాగితం ఆయన ముందు పెట్టాడు. అరవై మందిమీ వింటున్నాం, ఆయన గొంతేం తగ్గించలేదు.

“రేపు కాఫీకి రా. ఇది నాకు మెల్లగా చదివి పెట్టు. నాకు చదవడం రాదుగా.”

“ఎన్నింటికి?” అన్నాడు విగ్గో.

“మూడింటికి.”

విగ్గో రెండింటికే వెళ్ళాడు.